కరెంటు వచ్చేలోగా

మోటారు ఎవరూ నొక్కకుండానే తిరగడం మొదట చూసింది మా అత్తగారు.

తమిళనాట అన్నూరు దగ్గర మా అరటితోటలో మోటారు గది ఉంది. బోరు నీళ్ళు పైకి తెచ్చే కంప్రెసర్, దాన్ని తిప్పే మోటారు, రెండింటినీ కలుపుతూ అరచెయ్యంత వెడల్పు బెల్టు. ఆవిడ గది ఊడుద్దామని లోపలికి వెళ్ళి వంగినప్పుడు ఉన్నట్టుండి మోటారు అందుకుంది. పైట చెంగు బెల్టుకు తగిలి చిరిగింది. అదృష్టం బాగుండి చిరిగింది; చిరగకపోతే మనిషిని లాగేసేది. చిరిగిన కొంగు గుప్పిట్లో పట్టుకుని ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ఆ మోటార్‌కి పేయి పట్టుండాది," అంది. "నేను స్విచ్ పక్కకే పోలేదు మ్మా. దయ్యం తిప్పినట్ట అదే తిరిగింది."

దయ్యం కాదని నాకూ మా ఆయనకూ తెలుసు. అంతకుముందు ఆయన చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి తెప్పించి, వీడియో చూసుకుంటూ స్టార్టర్‌కు బిగించారు. ఇంట్లో కూర్చుని ఫోనులో నొక్కితే తోటలో మోటారు తిరుగుతుంది. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ గర్వం ఆయనకు ఇంకా తగ్గలేదు.

"లూజ్ కాంటాక్ట్, అంతే," అన్నారు. మరలన్నీ బిగించారు. వారం తిరక్కుండా మళ్ళీ తిరిగింది. ఈసారి దగ్గర ఎవరూ లేరు.

"అది పీకేయండి," అన్నాను.

"పీకేస్తే అంతా సరి అయిపోతాదా? ఏమైందో తెలియొద్దా? నేను చూసుకుంటాను, నువ్వు బయపడొద్దు."

నేను పీలమేడులో ఒక కాలేజీలో కామర్స్ చెబుతాను. వైర్ల సంగతి నాకు తెలియదు. కానీ బస్సు ఎక్కినా, క్లాసులో నిలబడినా ఆ బెల్టే కళ్ళముందు తిరిగేది. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్ రూములో కూర్చుని ఫోనులో వెతకడం మొదలుపెట్టాను. ముందు తమిళంలో వెతికితే మోటార్లు అమ్మే ప్రకటనలు వచ్చాయి. ఇంగ్లీషులో వెతికితే వీడియోలు వచ్చాయి. ఆయన చూసిన వీడియో కింద వ్యాఖ్యలు చదువుతూ పోతే ఎక్కడో అడుగున ఎవరో రాసిన మాట కనిపించింది: "ఇలాంటివి ఇక్కడ అడక్కండి, ఫోరంలో అడగండి." దాని కింద ఒక లింకు.

తెరిచి చూస్తే అదొక ఊరులా ఉంది. ఎవరో అడుగుతారు, ఎక్కడెక్కడివాళ్ళో జవాబిస్తారు, మధ్యలో వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకుంటారు. నేను చేరకుండానే కొన్ని రోజులు చదివాను. కొత్తగా వచ్చినవాళ్ళను కొందరు ఓపిగ్గా పలకరిస్తున్నారు, కొందరు కసురుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదువుకుని వచ్చినదాన్ని. క్లాసులో మాట్లాడే ఇంగ్లీషు ఆ మనుషుల ముందు రాయాలంటే చెయ్యి ఆడలేదు.

చివరికి చేరాను. పేరు పెట్టమంటే నా పేరు పెట్టలేదు. ఆడమనిషినని తెలియని పేరు ఒకటి పెట్టుకున్నాను. మొదటి ప్రశ్నను ఫోరం పెద్దలు చూశాకే అందరికీ చూపిస్తారట. "మోటారు తనంతట తాను తిరుగుతోంది, ఎందుకు?" అని రాసి ఊరుకున్నాను. మర్నాటికి ప్రశ్న మూసేశారు. వివరాలు చాలవన్నారు. మూసేముందే ఎవరో కింద రాసి ఉన్నాడు: "తెలియనివాళ్ళు కరెంటు జోలికి పోకూడదు." స్టాఫ్ రూములో పక్కవాళ్ళు చూస్తారేమోనని ఫోను బోర్లా పెట్టేశాను.

ఇక ఆ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. అయితే ఆ పోస్టు మూసిన మనిషి కింద ఇంకో మాట కూడా రాశాడు: ఫోటోలు పెట్టండి, ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో చెప్పండి, ఎప్పుడెప్పుడు జరుగుతోందో గమనించి రాయండి. కోపం తగ్గాక ఆ మాట సబబే అనిపించింది. ఎప్పుడు తిరుగుతోందో మాలో ఎవరం చూశాం?

ఆ వారం నేను గది తలుపు బయట నిలబడి చూశాను. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ లేదు. పోయి మళ్ళీ వచ్చినప్పుడు మాత్రం అందుకుంటోంది. అదీ ప్రతిసారీ కాదు. ఫోటోలు తీసి, ఇదంతా రాసి, "ఈ బెల్టు దగ్గర మా అత్తగారి చీర చిరిగింది" అని కూడా చేర్చి మళ్ళీ పెట్టాను.

జవాబు శనివారం ఉదయం వచ్చింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. పొద్దుట్నుంచీ కరెంటు లేదు.

"బోర్డులో మీరు వైరు కలిపిన పిన్ను, కరెంటు వచ్చి బోర్డు మేలుకునేటప్పుడు ఒక్క క్షణం తనంతట తానే ఆన్ అవుతుంది. మీ స్టార్టర్‌కు ఆ క్షణం చాలు, బటన్ నొక్కినట్టే. వైరు మార్చేదాకా, కరెంటు లేకపోయినా సరే, మెయిన్ స్విచ్ దించకుండా ఎవరూ బెల్టు ముట్టుకోవద్దు."

"అత్తా, ఆయన యాడికి పోయినారు?"

"బెల్ట్ జారతా ఉండాదని బిగించను పోయినాడు. ఎట్టాగూ కరెంట్ లేదు గదా అన్నాడు."

ఫోను చేశాను. అరుగు మీదే మోగింది.

పరుగెత్తాను. వెనకనుంచి అత్తగారు "ఏమైంది మ్మా, ఏమైంది" అని అరుస్తోంది. గట్టు మీద చెప్పు తెగింది, వదిలేశాను. అరటి ఆకులు మొహానికి కొట్టుకుంటున్నాయి. పేరు పెట్టి పిలవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు పేరు పెట్టి అరిచాను. ఆయనకు వినిపించలేదు.

గదిలో ఆయన బెల్టు కింద చెయ్యి పెట్టి రెండో చేత్తో చక్రం తిప్పుతున్నారు. నేను తలుపు పక్కన ఉన్న మెయిన్ స్విచ్ పిడి పట్టుకుని రెండు చేతులా కిందికి లాగాను.

"ఏంది ఇది? కరెంటే లేదు గదా!"

"చెయ్యి తీయండి. ముందు చెయ్యి తీయండి."

ఆయన విసుక్కుంటూ చెయ్యి తీశారు. ఊపిరి ఆడక నేను గోడకు ఆనుకుని, జవాబులో ఉన్నది ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన ఏదో వాదించబోయారు. అంతలో మెయిన్‌కు పైన, లైనులో కరెంటు వచ్చిందని చూపే మూడు ఎర్ర దీపాలు వెలిగాయి.

మోటారు కదల్లేదు. ఇద్దరం ఆ దీపాల వంకే చూస్తూ ఉండిపోయాం. ఆయన తన చేతిని ఒకసారి చూసుకుని, అలాగే నేల మీద కూర్చున్నారు.

సాయంత్రం ఫోరంలోనే ఆ జవాబిచ్చినతనికి విడిగా రాశాను. అతను నంబరు ఇచ్చాడు, ఫోను చేశాం. మదురైలో లిఫ్టులు బాగుచేసే పని అన్నాడు. తమిళంలోనే మాట్లాడుకుంటున్నాం. మధ్యలో అటునుంచి ఎవరో పెద్దావిడ, "అన్నం సల్లారిపోతా ఉండాదిరా" అని తెలుగులో కేకేసింది. "వస్తా ఉండానమ్మా, ఇరు" అని ఆవిడను ఆగమన్నాడు.

"మీరు మనోళ్ళా?" అన్నాను.

"అయ్యో, మీరూనా!" అని నవ్వాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: "నాకు ఎడమచేతిలో రెండు వేళ్ళు లేవండి. కరెంట్ లేదని చెయ్యి పెట్టినాను. మీరు రాసిండేదాంట్లో బెల్ట్ అనే మాట చూసి ఆగినాను."

మా ఆయన ఫోను అందుకుని, ఏ వైరు తీసి ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటే అడిగి మార్చారు. మర్నాడు మెయిన్ ఎన్నిసార్లు దించి ఎత్తినా మోటారు మెదల్లేదు. అయినా గది తలుపుకు బోర్డు రాయించారు: మెయిన్ దించకుండా లోపలికి రావద్దు.

కొన్నాళ్ళకు ఆయనా ఆ ఫోరంలో చేరారు. తను చూసిన వీడియోలో ఏం తప్పుందో, బెల్టు కింద చెయ్యి పెట్టి కూర్చున్న సంగతితో సహా, సగం తమిళం సగం ఇంగ్లీషు కలిపి రాశారు. పెద్దలు ఒప్పుకున్నారా లేదా అని అన్నం తింటూ కూడా ఫోను తీసి చూస్తున్నారు.

"మూసేస్తారేమో," అన్నారు నాతో.

"మూసేస్తే మళ్ళీ రాయండి," అన్నాను.