ఆ పొద్దున ఆమె ఇంటి ముందు జీపు ఆగలేదు

నన్ను ఎవరైనా మెచ్చుకుంటే భయమేస్తుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. "బడి కోసం పోలీసు స్టేషన్ల కూసున్న సార్" అని కొత్తగా వచ్చిన టీచర్లకు నన్ను పరిచయం చేస్తారు. నేను చేతులు జోడించి నవ్వుతాను. ఆ నవ్వు మోయడం ఎంత కష్టమో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సర్కారు బడి పంతులును నేను. ఇల్లు హైదరాబాద్ శివారు యాప్రాల్‌లో, ఉద్యోగం శామీర్‌పేట వైపు పల్లెల్లో. అప్పట్లో మా ఉపాధ్యాయ సంఘానికి మండల కార్యదర్శిని. సంఘమంటే పైరవీల గుంపని వెక్కిరించేవాళ్లు ఉంటారు, వాళ్ల మీద నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆడపిల్లల బడిలో మరుగుదొడ్డికి తలుపు పెట్టించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగామో వాళ్లకేం తెలుసు? మేం మంచి పనులే చేశాం. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నాను? నా తప్పు చిన్నదిగా కనపడాలనా? కావచ్చు. నా మాటలను నేనే పూర్తిగా నమ్మను, మీరూ కాస్త చూసుకుని నమ్మండి.

మా మండలంలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలను పక్క ఊరి బడిలో కలిపేస్తారని కబురు వచ్చింది. పిల్లలు తక్కువున్నారట. ఉన్న పిల్లలంతా కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్ల బిడ్డలు, ప్లాట్లకు కాపలా ఉండేవాళ్ల బిడ్డలు. పక్క ఊరికి పోవాలంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. ఆ బడికి ఉన్న ఒక్క టీచరు కృపారాణి. యాప్రాల్‌లో మా కాలనీకి దగ్గరే ఆమె ఇల్లు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బడి, ఇంటి దగ్గర మంచం పట్టిన అత్త. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బడి పోతుందన్న రోజు మాత్రం సంఘం మీటింగులో లేచి నిలబడి, ఏం చేస్తారో చెప్పమని మా అందరినీ అడిగింది. నేను ఊపు మీద కలెక్టరేట్ ముందు ధర్నా అని ప్రకటించేశాను. వందల మంది వస్తారని విలేకరికి కూడా చెప్పేశాను.

ధర్నాకు ముందు రోజు సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకరి అత్తగారికి కంటి ఆపరేషన్. ఒకరికి సెలవులు అయిపోయాయి. ఒకరు ఫోనే ఎత్తలేదు. చివరికి తేలిందేమిటంటే, మండల నాయకులం నలుగురైదుగురం, కృపారాణి, ఆమె వెంట వచ్చే తల్లులు, పిల్లలు. అంతే. పరువు పోయిందనుకున్నాను. ఖాళీ షామియానా కింద బ్యానర్ పట్టుకుని నిలబడ్డ నా ఫోటో కళ్ల ముందు కనబడింది.

సరిగ్గా అప్పుడే సత్తయ్య ఫోన్ చేశాడు. సత్తయ్య అంటే సంఘాల కదలికలు కనిపెట్టుకుని ఉండే కానిస్టేబుల్. మాకూ ఆయనకూ పగేం లేదు. ఏ కార్యక్రమం ఉన్నా ముందు రోజు ఫోన్ చేసి ఎవరెవరు బయలుదేరుతున్నారని అడుగుతాడు, మేం నవ్వుతూ దాటవేస్తాం, ఆయనా నవ్వుతాడు. అది రివాజు. ఇంకో రివాజు కూడా ఉంది. పెద్ద ధర్నా అయితే తెల్లవారగానే జీపు వచ్చి నాయకులను తీసుకుపోతుంది. ముందస్తు అరెస్టు అంటారు. స్టేషన్‌లో కుర్చీలేస్తారు, టిఫిన్ పెడతారు, సాయంత్రం వదిలేస్తారు. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. అరెస్టు అయినవాణ్ణి 'నీ వెనక జనమేరీ' అని ఎవరూ అడగరు.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ సాయంత్రం నేను దాటవేయలేదు. పేర్లన్నీ చెప్పాను, నా పేరు ముందు పెట్టి మరీ. ఎవరు ఎన్నింటికి ఇల్లు కదులుతారో కూడా చెప్పాను. సత్తయ్య "సరే సార్, నేను జూస్కుంట" అని పెట్టేశాడు.

కృపారాణి పేరు చెప్పలేదు. ఎందుకు? పొద్దున్నే గుమ్మంలో పోలీసులను చూస్తే మంచం మీదున్న ఆ ముసలామె ఏమవుతుందోనని జాలిపడ్డాను. నిజంగా జాలేనా? అరెస్టయిన గౌరవం ఆమెకు కూడా దక్కడం ఇష్టం లేకనా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా నాకు తేలలేదు. జాలే అనుకుంటే కొంచెం నిద్ర పడుతుంది కాబట్టి జాలే అనుకుంటూ వచ్చాను.

తెల్లవారాక అంతా అనుకున్నట్టే జరిగింది. జీపు వచ్చింది, కాలనీవాళ్లు బాల్కనీల్లోంచి చూశారు, నేను పిడికిలి ఎత్తాను. స్టేషన్‌లో ఇడ్లీ తిన్నాం. మా కోశాధికారి నర్సింహారెడ్డి సార్ నా పక్కన కూర్చున్నాడు. బహదూర్‌పల్లి దగ్గర ప్లాట్ల వ్యాపారమున్న మనిషి, మనుషులను కూడా ప్లాట్లలాగే నాలుగు వైపులా కొలిచి చూస్తాడు. ఆయన గదంతా ఒకసారి కలయజూసి అన్నాడు.

"అందర్ని ఇండ్లల్లకెళ్లి తెచ్చిన్రు. కృపారాణి మేడంనెందుకు తేలె?"

నాకు అప్పుడు తట్టింది, నేనేం చేశానో. పోలీసులకు మా వేళలు ఎవరో చెప్పారు, చెప్పినవాళ్ల ఇంటికి పోలీసులు పోరు. ఎంత సూటి లెక్క! నేను నోరు విప్పితే అక్కడితో ముగిసేది. అందరూ నా వైపు చూస్తున్నారు, కార్యదర్శిని కదా. "ఏమో సార్, కనుక్కుందాం," అన్నాను.

ఆ 'ఏమో' చాలు. నేను ఆమెను వేలెత్తి చూపలేదు, చూపాల్సిన పని పడలేదు.

అదే సమయానికి కృపారాణి కలెక్టరేట్ గేటు ముందు పిల్లలతో, తల్లులతో ఎండలో నిలబడి ఉంది. మా కోసం మధ్యాహ్నం దాకా చూసింది. వినతిపత్రం తీసుకున్న అధికారి, మీ సంఘం ఏదమ్మా అని అడిగారట. పేపర్లో మా ఫోటో వచ్చింది. వాళ్లది రాలేదు. తర్వాతి విద్యా సంవత్సరానికి బడిని కలిపేశారు. కొందరు తల్లులు అప్పు చేసి ప్రైవేటు బడిలో వేశారు, కొందరు పిల్లలు కోళ్ల ఫారంలోనే ఉండిపోయారు. మేం నిజంగా ఆ గేటు దగ్గర ఉండి ఉంటే ఆగేదా? ఆగేది కాదేమో. ఆ 'ఏమో'ను కూడా నేనే వాడుకుంటున్నాను చూడండి.

సంఘంలో గాలి మారిపోయింది. మీటింగుకు వస్తే ఫోన్లు బల్ల మీద పెట్టమనేవారు. ఒకరు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళితే ఇద్దరు చెవులు కొరుక్కునేవారు. యాప్రాల్ నుంచి నర్సింహారెడ్డి సార్ కారులో మేం నలుగురం కలిసి బడులకు పోయేవాళ్లం, కృపారాణి కూడా. ఒక రోజు నుంచి కారు ఆమె ఇంటి వైపు తిరగడం మానేసింది. నేను ముందు సీట్లో ఉన్నాను. అటు తిప్పమని అనలేదు. ఆమె లేని కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టాలన్నారు. పెట్టింది నేనే.

ఒక సాయంత్రం బస్టాపులో ఆమె నాకు ఎదురుపడింది. తప్పించుకోలేకపోయాను.

"సార్, నా మీద ఏం అనుకుంటున్నరో నాకు ఎరుకైంది," అంది. "మా అత్త మీద ఒట్టు, నేను ఎవ్వలికి ఫోన్ చెయ్యలె. మీరు గూడ నేనే అనుకుంటున్నరా?"

"లేదు మేడం. నాకు మీ మీద అనుమానం లేదు."

"గట్లయితే మీటింగుల గా ముక్క చెప్పున్రి సార్. మీరు చెప్తే ఇంటరు."

"చెప్త. జర నాలుగు దినాలు ఆగున్రి. అందరు కోపంల ఉన్నరు."

ఆ నాలుగు దినాలు ఇంకా అయిపోలేదు. ఆమె బదిలీ పెట్టుకుని గండిమైసమ్మ అవతలి బడికి వెళ్లిపోయింది. సంఘం సభ్యత్వం మళ్లీ తీసుకోలేదు. చూశారా, తప్పు చేసింది కాబట్టే పోయింది అన్నారు. నేను విన్నాను.

అప్పటి నుంచి అనుమానం నన్ను పట్టుకుని వదలలేదు. కారు నడుపుతూ నర్సింహారెడ్డి సార్ నా వైపు చూస్తే, తెలిసిపోయిందా అనుకునేవాణ్ణి. సత్తయ్య ఎక్కడికి బదిలీ అయినా ఎవరినో ఒకరిని పట్టుకుని కనుక్కునేవాణ్ణి. తాగి ఎక్కడైనా వాగుతాడా? నా పేరు చెప్పి నవ్వుకుంటాడా? గుర్తు తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఇప్పటికీ ఎత్తడానికి వెనకాడతాను. ఆమెను అందరూ ఒక్క ఏడాది అనుమానించి మరిచిపోయారు. నేను మాత్రం అందరినీ ఇన్నేళ్లుగా అనుమానిస్తూనే ఉన్నాను.

మొన్న మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి వెళితే ఆమె కనబడింది. జుట్టు నెరిసింది. అత్త పోయిందట. ఆ పెళ్లిలో పాత సంఘం వాళ్లు చాలామందే ఉన్నారు, ఎవరూ ఆమె బల్ల దగ్గరికి పోలేదు. నేను పోయాను. చెప్పేద్దామనే పోయాను, నిజంగా. నేను నోరు తెరవకముందే ఆమె నా చేయి పట్టుకుంది.

"అందరు మొకం తిప్పుకున్నరు సార్," అంది. "మీరొక్కలే నన్ను అనుమానించలె. గా మాట మీదనే నేను నిలబడ్డ."

ఆమె కళ్లలోకి చూశాను. తెలిసి అంటోందా? నన్ను నిలబెట్టి కొడుతోందా? అలా కనబడలేదు. నిజంగానే నాకు కృతజ్ఞత చెబుతోంది. తన ప్లేటులోని స్వీటు తీసి నాకు పెట్టింది. నేను తిన్నాను. తినేసి, చెప్పకుండా ఇంటికొచ్చేశాను.

ఆమె అన్నది నిజమే. ఆమె మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. ఆమె తప్పు చేయలేదని అంత గట్టిగా తెలిసినవాణ్ణి మండలం మొత్తంలో నేనొక్కణ్ణే. పోలీసులకు పేర్లు చెప్పింది నేను. కృపారాణి టీచర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఈ రెండు వాక్యాలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. ఆమె దగ్గరికి వెళ్లి చెబుతానని మాట కూడా ఇవ్వను, నా మాటకు ఎంత విలువుందో చూశారుగా. రాశాక మాత్రం ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు తెలియకుండా నాకు తేలికవుతోంది, అదీ సిగ్గుగానే ఉంది.