పడటం లేని మాటలు

మా మేనత్త పోయిందన్న వార్త నాకు కాలేజీలో, పాఠం చెబుతుండగా తెలిసింది. విశాఖ ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లో చేరిన ఇన్ఫెక్షన్ ఈసారి తగ్గలేదు. మర్నాడు చోడవరంలో మా ఇంటికి వచ్చినవాళ్లందరూ ఇంచుమించు ఒకే మాట అన్నారు: "బాధలు పడీ పడీ పోయింది." ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట వింటే అత్త ఒప్పుకునేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అత్తకి కండరాల జబ్బు. తుంటిలో, తొడల్లో, ఆ తర్వాత చేతుల్లో బలం ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గిపోయే రకం. నయం చేసే మందు లేదు. ఆమె తర్వాత మా ఇంట్లో అది నాకు వచ్చింది. అత్త మాతోనే ఉండి చీరలకి ఫాల్ కుట్టేది. బల్ల మీంచి లేవాలంటే చేతులు మోకాళ్ల మీద ఆన్చి, తన ఒంటి మీదికి తనే ఎక్కుతున్నట్టు తొడల మీదుగా పైకి వచ్చేది. నిటారుగా నిలబడ్డాక, ఎవరూ పిలవకపోయినా, "వచ్చేసేను" అనేది.

నా జబ్బు పేరు తెలిసేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. ఇంగ్లీషులో పొడుగాటి పేరు. దాన్ని ఎవరికైనా ఎలా చెప్పాలో తెలిసేది కాదు. "ఒక జబ్బుతో బాధపడుతున్నాను" అని మొదలెట్టేదాన్ని. ఒకరోజు అత్త సూది ఆపి నావైపు చూసింది.

"బాధపడ్డం, కష్టపడ్డం, జాలిపడ్డం... అన్నీ పడ్డాలేటే కోడలా? మనం ఎలాగూ దబ్బుదబ్బున పడతన్నాం. మాటల్లో కూడా పడాలా?"

"మరేటనాలి అత్తా?"

"ఉన్నదున్నట్టు సెప్పు. కండల్లో బలం తగ్గతంది, అంతే. అక్కడితో ఆపకు. నీకేటి కావాలో అదీ సెప్పు."

అలా చెప్పాల్సిన అవసరం త్వరలోనే వచ్చింది. డిగ్రీలో సీటు దొరికింది గానీ క్లాసులన్నీ మేడ మీద. ప్రిన్సిపాల్‌ని కలవడానికి అత్తా నేనూ ఆటోలో బయల్దేరాం. చెరకు ట్రాక్టర్ల వెనకాల ఆటో నత్తలా పాకుతుంటే, దారంతా నాచేత ఆయనతో చెప్పాల్సిన మాటలు చెప్పించింది. "మెట్లెక్కలేను" అని మొదలుపెడితే ఒప్పుకోలేదు. "లేను దగ్గర మొదలెడితే ఆళ్లూ అక్కడే ఆగిపోతారు."

ప్రిన్సిపాల్ మంచాయనే. నా నడక చూసి నొచ్చుకున్నారు. "పాపం, ఈ అమ్మాయికి కాలేజీ ఎందుకండీ? ఇంట్లో ఉండి పరీక్షలు రాసుకోవచ్చు కదా."

"పాపం మేవేటీ సెయ్యలేదు బాబూ," అంది అత్త నవ్వుతూనే. "ఇది కండరాల జబ్బు. మిగతాది మా గుంట సెప్తాది, ఇనండి."

ఆటోలో వల్లించినట్టే చెప్పాను. "నా కాళ్లలో బలం తగ్గుతోంది సార్. ఇంకా తగ్గుతుంది. చదువుకి దాంతో ఇబ్బంది లేదు. మా క్లాసు కిందికి మారిస్తే రోజూ వస్తాను."

ఆయన అటెండర్ని పిలిచి కింది గది తాళాలు తెమ్మన్నారు. వారం తిరక్కుండా, విరిగిన బల్లలు దాచే ఆ గది మా క్లాసు రూమైంది. ఆ రోజు ఇంటికి వస్తూ అత్త ఆటో ఆపించి మాడుగుల హల్వా కొంది. దారిలోనే సగం తినేశాం. ఇవాళ నేను తెలుగు లెక్చరర్ని. కుర్చీలో కూర్చుని పాఠం చెబుతాను. కొత్త పిల్లలకి మొదటి రోజే నా జబ్బు సంగతి చెప్పేస్తాను, తల దించకుండా.

ఆమె ఎప్పుడూ ధైర్యంగానే ఉండేదని రాస్తే అబద్ధం. దువ్వెన తల దాకా ఎత్తలేకపోయిన రోజున గోడవైపు తిరిగిపోయింది. ఏమైందని అడిగితే "ఏడుపొస్తంది" అంది. దానికి వేరే మాటేదీ వెతకలేదు. నేను దువ్వి జడ వేశాను.

నడక పూర్తిగా ఆగిన ఏడాది ఇంటికి చక్రాల కుర్చీ వచ్చింది. చూడవచ్చిన బంధువు ఒకావిడ "అయ్యో, కుర్చీ పాలైపోయేవా వదినా" అని కళ్లొత్తుకుంది.

"పాలవ్వడమేటి? కుర్చీ ఎక్కేను! ఎమ్మెల్యే ఎక్కితే దండలేత్తారు, నానెక్కితే ఏడుత్తారేటి?"

నాన్న పకపకా నవ్వి, అప్పటికప్పుడు బజారుకెళ్లి బంతిపూల దండ తెచ్చి తన అక్క మెడలో వేశాడు. ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు మీద అత్త ఊరేగింది. నాన్న వెనక నుంచి తోస్తుంటే, పళ్లబళ్ల మధ్య నుంచి, ఒళ్లోనే చేతులు జోడించి అటూ ఇటూ తలాడిస్తూ. ఏం గెలిచిందో తెలియకపోయినా కొట్లవాళ్లు లేచి నిలబడి దణ్ణాలు పెట్టారు. దండలోంచి రాలిన బంతిరేకులు చక్రాల వెంట, రోడ్డు పొడవునా, పచ్చగా.