అక్కకు చేరని డాక్టరమ్మ మాట

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొన్నటిదాకా అది ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నందిపేట్ దగ్గర ఊరు. వరి, పసుపు పండిస్తాం. మా అత్తింటికి మేమిద్దరం కోడళ్లం. పెద్దకోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మా అత్తకు ముట్టు పట్టింపు ఎక్కువ. నెలసరి వచ్చినవాళ్లు వంటింట్లోకి రాకూడదు, పచ్చళ్లు తాకకూడదు, పసుపు ఉడికే చోటికి పోకూడదు. ఒకరు బయట కూర్చుంటే రెండోవారికి ఇంటెడు చాకిరీ.

అక్కకు ముప్పై ఎనిమిదేళ్లకే నెలసరి ఆగిపోయింది. ఇక దేవుని పనికి అడ్డం లేదని అత్త సంబరపడింది. నేనూ సంబరపడ్డాను, వేరే కారణానికి. అక్క వంతు పని ఇక నా నెత్తిన పడదు. నా వంతు మాత్రం నెలనెలా ఆమె చేస్తూనే ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు తగ్గిపోయాక కూడా రెండు రోజులు ఎక్కువే బయట కూర్చునేదాన్ని.

అక్కకు ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలొచ్చేవి. నిద్ర ఉండేది కాదు. నిజామాబాద్ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. రిపోర్టుకు మాత్రం నేనొక్కదాన్నే వెళ్లాను. డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. ఇంత తొందరగా ఆగిపోవడం మంచిది కాదని, రక్తనాళాలను కాపాడే హార్మోను ఒంట్లో తగ్గిపోతుందని, ఇలాంటివాళ్లకు పక్షవాతం ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువని. బీపీ చూపించుకుంటూ ఉండాలి, యాభై దగ్గరపడేదాకా గోలీలు వాడాలి. వాడితే నెలసరి మళ్లీ వస్తుంది, భయపడొద్దంది. తీసుకొస్తానన్నాను.

బస్సులో ఆ చివరి మాటే చెవుల్లో తిరిగింది. మళ్లీ వస్తుందట. పసుపు ఉడికించే రోజులు ముందున్నాయి. పక్షవాతం ముసలివాళ్లకు కదా, అక్కకెందుకు వస్తుందిలే అనుకున్నానా? లేక అసలేమీ అనుకోకుండా, నాకు కావలసినంతే విని మిగతాది బస్సులోనే వదిలేసి దిగానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నాకు నచ్చే జవాబు దొరకలేదు.

గుమ్మంలోనే అడిగింది అక్క.

"డాక్టరమ్మ ఏమన్నది చెల్లె?"

"ఏం లేదక్కా. వేడి చేసిందట. మజ్జిగ మంచిగ తాగుమన్నది."

"గంతేనా? నేను ఉట్టిగనే బుగులువడ్డ."

నవ్వింది. కాళ్లు కడుక్కోవడానికి నాకు నీళ్లు తెచ్చిచ్చింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక పొద్దున బియ్యం కడుగుతుంటే గిన్నె చేతిలోంచి జారింది. మూతి వంకర పోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. బీపీ ఎప్పటినుంచో ఉండి ఉంటుందన్నారు. ఈమెకు నెలసరి ఎప్పుడు ఆగిందని ఆస్పత్రిలో అడిగారు. ఆడవాళ్ల సంగతులు పట్టని బావకు తెలియదు. తెలిసిన అత్త ఇంటి దగ్గరే ఉండిపోయింది. అందరూ నావైపు చూశారు. ఈమధ్యే అన్నాను.

గోలీలు వాడినా వచ్చేదేమో. ఎవరు చెప్పగలరు? ఆ 'ఏమో'ను పట్టుకుని, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్లు గడిపాను. కానీ బీపీ అయినా తెలిసేది కదా. తప్పించుకునే అవకాశం ఆమెది. దాన్ని నేను కాజేశాను.

మొన్న అక్క కూతురు బోధన్ నుంచి ఫోన్ చేసింది. ఆమెకింకా ముప్పై నాలుగే. నెలసరి తప్పుతోందట. తల్లికి ఏ వయసులో ఆగిందో కనుక్కోమని డాక్టరు అడిగిందట, ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చట.

"అమ్మకు మాట రాదు గద చిన్నమ్మా. నువ్వే చెప్పాలె."

ముప్పై ఎనిమిదికి అన్నాను. ఆస్పత్రిలో నేను చెప్పింది అబద్ధమన్నాను. గోలీల సంగతి, మజ్జిగ సంగతి అంతా చెప్పేశాను. ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ నాతో మాట్లాడలేదు. వైద్యం మొదలుపెట్టిందని, బీపీ చూపించుకుంటోందని అల్లుడు చెప్పాడు.

అక్కకు మాత్రం ఇంకా చెప్పలేదు. ఆమెకు అన్నీ అర్థమవుతాయి, నోట మాట రాదంతే. రోజూ నేనే తినిపిస్తాను. ఊళ్లో నన్ను మెచ్చుకుంటారు, అప్పుడు చచ్చిపోవాలనిపిస్తుంది. తిరిగి తిట్టలేని మనిషి ముందు తప్పు ఒప్పుకుంటే అదీ ఒక మోసమే కాదా? అలాగని చెప్పకుండా ఉండటం ఏమిటి మరి? చెప్పాలి. ఆమె నా చేతి ముద్ద తినకుండా మొహం తిప్పుకుంటే, అది నాకు రావలసిందే.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అక్కకు అబద్ధం చెప్పింది నేను, నా సుఖం కోసం చెప్పాను. ఈ ముక్క రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది.