చివరి అంకె, మూడు చుక్కలు

రిటైరవడానికి ముందు నా ఆఖరి ఉద్యోగం బాతెల్ అనే అమెరికన్ ఊళ్లో. కరోనా సద్దుమణిగి అందరూ మళ్లీ ఆఫీస్‌కి రావడం మొదలుపెట్టిన వసంతంలో, ల్యాబ్ పరికరాలకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీలో ప్రిన్సిపల్ ఇంజినీరుగా చేరాను. ప్రతి విడుదలకూ ఆఖరి ఆమోదం నాదే. మా తాతగారి జమీందారీ నేను పుట్టకముందే కరిగిపోయింది. సంతకం పెట్టేముందు రెండుసార్లు చదివే అలవాటు మాత్రం మిగిలింది. అది చూసి టీమ్‌లోని తెలుగువాళ్లు చాటున నన్ను దివాన్ గారనేవారు. హోదా తగ్గించారన్నదొక్కటే నా అభ్యంతరం.

మా మాన్యువల్‌లో ప్రతి ఉదాహరణ కిందా రావలసిన జవాబు ఉంటుంది. ఒక ప్రోగ్రాం ఆ ఉదాహరణలన్నీ నడిపి, వచ్చిన జవాబును రాసినదానితో అక్షరం అక్షరం పోలుస్తుంది. సరిపోతే టెస్టు పచ్చ, లేకపోతే ఎరుపు.

వరంగల్ నుంచి మా టీమ్‌కి వచ్చిన శ్రావణి, ద్రావణాలను పలుచన చేసే లెక్కల మీద మాన్యువల్‌లో తన మొదటి అధ్యాయం రాసింది. ఆ వారమే కొత్త రకం చిప్‌తో కంప్యూటర్లు వచ్చాయి. ఐదు రెట్ల పలుచనకు లాగరిథమ్ పాత మెషీన్‌లో 0.6989700043360189. కొత్తదానిలో చివర తొమ్మిది బదులు ఏడు వచ్చింది. కంప్యూటర్ దశాంశాలను ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో, సుమారుగా దాచుకుంటుంది కనుక ఆ తేడా తప్పు కాదు. పోల్చే ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. అధ్యాయమంతా ఎర్రబడింది. శుక్రవారానికి పచ్చబడకపోతే అది లేకుండానే విడుదల చేస్తామని మేనేజర్ చెప్పేశాడు.

గురువారం శ్రావణి నవ్వుతూ వచ్చింది. అంతా పచ్చ. ఈ వృత్తిలో అందరూ వాడే కిటుకే వాడింది: జవాబును 0.6 దగ్గర ఆపి మూడు చుక్కలు పెడితే, ఆ తర్వాత ఏమొచ్చినా ప్రోగ్రాం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు.

"చుక్కలతోని మీకేం పగ సార్? పచ్చగనే ఉంది గదా," అంది.

ఉదాహరణలో ఐదును నాలుగు చేసి నడపమన్నాను. జవాబు 0.602 వచ్చింది. టెస్టు పచ్చగానే ఉంది. మా సాఫ్ట్‌వేర్ లెక్క తప్పి ల్యాబ్‌లో ఎవరో ఒకరు తప్పుగా పలుచన చేసుకున్నా మా మాన్యువల్ భేష్ అనేదన్నమాట.

శ్రావణి స్క్రీన్‌నే చూస్తూ, "మా మేనత్త లెక్కనే ఉంది సార్. ఏం వండిపెట్టినా మంచిగుందంటది," అంది. చుట్టూ ఉన్నవాళ్లతోపాటు నేనూ నవ్వాను.

మా సాఫ్ట్‌వేర్‌తో నడిచే పరికరం ఎన్ని దశాంశాల వరకు పూచీ ఇస్తుందని అడిగాను. ఐదు అంది.

"మరి పదహారు ఎందుకు రాశావమ్మా?"

"మెషీన్ ఇచ్చింది సార్, పేస్ట్ చేసిన."

జవాబును 0.69897గా మార్చింది. అక్షరాలుగా కాక సంఖ్యలుగా, రాసినన్ని అంకెల వరకే పోల్చేలా ప్రోగ్రాంని సరిచేశాం. రెండు రకాల మెషీన్లలోనూ పచ్చబడింది. ఐదును నాలుగు చేస్తే ఎర్రబడింది. శుక్రవారం అధ్యాయాన్ని రెండుసార్లు చదివి ఆమోదించాను, విడుదలలో చేరింది. తర్వాత శ్రావణి ఏ ఉదాహరణనైనా తానే ఒకసారి కావాలని చెడగొట్టి, ఎర్రబడిందని చూసుకున్నాకే నాకు పంపేది.

రాసిన ప్రతి అంకె ఒక హామీ. మెషీన్ ఎన్ని ఇచ్చినా మనం నిలబడగలిగినన్నే రాయాలి, రాసినవన్నీ సరిచూడాలి. ఎప్పుడూ ఎర్రబడని టెస్టుకు ఆమోదం ఇవ్వకూడదు.