సముద్రానికి వీపు తిప్పి కూర్చున్న బావ

విశాఖలో ఉద్యోగం చేసేవాడికి జీతంతో పాటు చుట్టాలు కూడా వస్తారు. స్టీల్‌ప్లాంటులో చేరి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టాక సింహాచలం కొండ ఎన్నిసార్లు ఎక్కానో ఆ అప్పన్నకే తెలియాలి. మా గోదావరి వైపు నుంచి ఎవరు దిగినా అదే వరస. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం బీచి, సాయంత్రం కైలాసగిరి, ఓపికుంటే మర్నాడు భీమిలి. అవే ఫొటోలు, అవే మరమరాలు. ఇన్నేళ్లుగా తిప్పుతున్నారు కదా, మీకు బాగా నచ్చిన చోటేది అని ఈ బ్లాగు చదివేవాళ్లు తరచుగా అడుగుతున్నారు. నాకు నచ్చింది డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే 2003 డిసెంబరులో ఒక ఆదివారం గురించి చెప్పాలి.

మా అక్క మొగుడు సత్యం బావకి గోదారి రేవు దగ్గర కిరాణా కొట్టు. కూతురు సుజాత రోజూ పడవలో రేవు దాటి అవతలి ఊరి బళ్లో లెక్కలు చెప్పి వచ్చేది. దానికి సంబంధం తెచ్చింది నేనే. కుర్రాడు శ్రీను, మా ప్లాంటులో పనిచేసే స్నేహితుడి తమ్ముడు. పెళ్లిచూపులయ్యాయి, పిల్లకి పిల్లాడూ పిల్లాడికి పిల్లా నచ్చారు. ఇక తాంబూలాలే అనుకుంటుంటే బావ అడ్డం పడ్డాడు. కుర్రాడి ఉద్యోగం పోర్టులో, పైలట్ లాంచీ మీద. బయటి నుంచి వచ్చిన ఓడలు వాటంతటవి పోర్టులోకి రాకూడదు. ఇక్కడి దారి తెలిసిన పైలట్ లాంచీలో ఎదురెళ్లి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడెక్కి, దాన్ని లోపలికి తెస్తాడు. ఆ పైలట్‌ని జాగ్రత్తగా నిచ్చెన ఎక్కించడం శ్రీను పని. బావ అన్నగారు చాలా ఏళ్ల కిందట తుఫాను రోజున చేపల పడవలో వెళ్లి మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ సముద్రం పేరెత్తితే బావ లేచి కొట్లోకి వెళ్లిపోతాడు. తీసుకెళ్లి ఒకసారి చూపించు, చూశాక కూడా వద్దంటే వదిలేద్దాం అని అక్క ఫోన్ చేసి, తండ్రీ కూతుళ్లని రైలెక్కించింది.

మాట్లాడుకున్న ఆటో ఆరున్నరకల్లా వచ్చింది. రోజంతటికీ నాలుగు వందలు, ఘాట్ రోడ్డు ఎక్కితే యాభై పైన. డ్రైవరు అప్పారావుది ఇక్కడి పల్లెటూరే, నోరు ఊరుకోని మనిషి. ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా ఏడున్నరకి సింహాచలం చేరాం. దర్శనానికి గంటంపావు పట్టింది. బావ పులిహోర రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. మెట్ల దగ్గర సంపెంగలు కొని సుజాత జడలో పెట్టుకుంది. పదింటికి మద్దిలపాలెంలో ఇడ్లీలు తిని, పదకొండుకల్లా బీచి రోడ్డులో ఉన్నాం.

అక్కడ సబ్‌మెరైన్‌ని ఇసకలోకి లాగి మ్యూజియం చేశారు. అప్పటికది కొత్త, చాంతాడంత క్యూ. లోపల తల వంచుకుని ఇంజన్లూ, ఒకదాని మీద ఒకటి కట్టిన పడకలూ చూసి బయటికొచ్చాక బావ నన్ను పక్కకి పిలిచాడు.

"పైన తేలేవాడికి పిల్లనివ్వడానికే నేను చస్తున్నాను కదరా. ఇందులో మునిగేవాళ్లకి ఎవడిచ్చాడ్రా పిల్లని?"

నవ్వొచ్చింది కానీ ఆయన నవ్వలేదు. గోడ మీద కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల నంబర్లు చదువుకుంటున్నాడు. అప్పారావు కాసేపు చూసి ఉండబట్టలేకపోయాడు.

"నాను పదేళ్లుగా జనాన్ని తిప్పుతన్నాను బాబూ. సముద్రం సూడ్డానికొచ్చి దానికి ఈపు తిప్పి కూకున్నోరిని మిమ్మల్నే సూసినాను. ఏటి, దానిమీద కోపమా?"

"కోపం కాదయ్యా, పాత పరిచయం," అన్నాడు బావ.

సుజాత వెళ్లి పక్కన కూర్చుంది. "నేను రోజూ పడవెక్కుతున్నాను కదా నాన్నా. అప్పుడు లేని భయం ఇప్పుడేంటి?"

"గోదారి వేరమ్మా. దానికి అవతల ఒడ్డుంది. దీనికేదీ?"

నాకు వేరే గుబులు పట్టుకుంది. రెండు రోజుల కిందటే వాయుగుండం దాటింది, సముద్రం ఇంకా సద్దుమణగలేదు. ఇలాంటి రోజున ఈయన్ని లైట్‌హౌస్ కొండెక్కించి ఆ లాంచీలు చూపిస్తే సంబంధం అక్కడే చెడుతుందేమోనని, లైట్‌హౌస్ మానేసి కైలాసగిరి పోదామా అని సుజాతని చాటుగా అడిగాను.

"వద్దు మావయ్యా, ఇవాళే చూడనీయండి. నెమ్మదిగా ఉన్న రోజు చూపించి ఒప్పిస్తే, ఆ తర్వాత గాలి వేసినప్పుడల్లా నాన్నకి నిద్ర ఉండదు. పైగా ఈ వారం ఆయనకి పగలు డ్యూటీ."

డ్యూటీ సంగతి తనకెలా తెలుసని నేను అడగలేదు. వాళ్ల వీధి చివర ఎస్టీడీ బూత్ ఉందని మాత్రం నాకు తెలుసు.

భోజనం చేసి ఒంటిగంటన్నరకి బయల్దేరాం. కాన్వెంట్ జంక్షన్ దాటి, పోర్టు గోడల పక్కగా లారీల వెనక నత్తనడకన సింధియా చేరి, అక్కడి నుంచి యారాడ వెళ్లే ఘాట్ రోడ్డు పట్టాం. చుట్టూ నేవీ వాళ్ల స్థలం, కనపడిందల్లా ఫొటో తీయకండి. సగం కొండ మీద ఆటో మొరాయిస్తే ముగ్గురం దిగి నడిచాం. లైట్‌హౌస్‌లోకి సందర్శకుల్ని మూడింటి నుంచి అయిదింటి దాకానే రానిస్తారు. మేం మూడుంపావుకి మెట్లెక్కాం.

పైన గాలికి సుజాత జడలో సంపెంగ ఒకటి ఎగిరిపోయింది. ఒకవైపు ఊరంతా, ఇంకోవైపు యారాడ ఇసక, సరిగ్గా కాళ్ల కింద పోర్టులోకి వచ్చే కాలువ. బావ ఊరి వైపే నిలబడ్డాడు. అక్కడ డ్యూటీలో ఉన్న పెద్దాయనది తగరపువలసట. ఆయనే చెయ్యి చాపి చూపించాడు.

"అదిగో, ఓడొకటి లోపలికొత్తన్నాది. పైలట్ లాంచీ ఎదురెల్తన్నాది, సూడండి. ఇయ్యాల కెరటం గట్టిగున్నాది."

బావ తిరిగాడు. ఓడ ముందు ఆ లాంచీ అగ్గిపెట్టంత ఉంది. కెరటం వచ్చినప్పుడల్లా కనపడకుండా పోయి మళ్లీ తేలుతోంది. మూడోసారి మునిగాక తేలడం ఆలస్యమైంది. బావ కమ్మీని పట్టుకున్న చేతులు నేను చూశాను. పెద్దాయన ఆ చేతులకేసి చూసి, ఏమీ అడగకుండా తన బైనాక్యులర్స్ తీసి ఇచ్చాడు.

బావ వాటిని కళ్లకి ఆనించుకున్నాడు. తర్వాత చూస్తున్నది చూస్తున్నట్టే పైకి అనడం మొదలుపెట్టాడు. "నిచ్చెన దింపారు... తెల్లచొక్కా ఆయన ముందుకొచ్చాడు... వెనకాల నారింజరంగు చొక్కావాడు నడుం పట్టుకున్నాడు. ఇంకా ఎక్కనివ్వట్లేదు... ఇంకో కెరటం పోనిచ్చాడు... ఆఁ, ఎక్కించాడు. ఇంకా చేతులు తియ్యలేదు వాడు... రెండో కాలు కూడా పడ్డాక తీశాడు."

"ఆ నారింజరంగు చొక్కాలో ఉన్నది ఆయనే నాన్నా," అంది సుజాత మెల్లగా.

బావ బైనాక్యులర్స్ దించలేదు. లాంచీ వెనక్కి తిరిగి, కాలువలో ప్రవేశించి, కొండ నీడలోకి వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. పావుగంటో ఇరవై నిమిషాలో పట్టింది. అప్పుడు దించి కళ్లు తుడుచుకున్నాడు. గాలికి నీళ్లొచ్చాయని సాకు కూడా చెప్పలేదు.

"మా అన్నయ్య పడవలో అలా పట్టుకునేవాడు లేడురా," అన్నాడు నాతో. బైనాక్యులర్స్ పెద్దాయనకి తిరిగిచ్చి, "ఈ కుర్రాడి చేతులు గట్టివి," అన్నాడు.

దిగేటప్పుడు సుజాత ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. సింధియాలో టీ తాగుతుంటే మాఘమాసంలో ముహూర్తాలు ఎప్పట్నుంచి అని బావ నన్నడిగాడు. నాకంటే ముందు అప్పారావే జవాబు చెప్పాడు.

ఆ పెళ్లయి ఆరేళ్లయింది. విశాఖలో అందమైన చోట్లకి కొదవలేదు. తొట్లకొండ మీద సాయంత్రాలూ, భీమిలి దారిలో పొద్దుటి పూటలూ నాకూ ఇష్టమే. కానీ ఒక మనిషి తనకున్న అతిపెద్ద భయాన్ని ఎదురుగా నిలబడి చూడటం నేను ఆ కొండ మీదే చూశాను. భయం పోయిందనుకోకండి, పోలేదు. పోకపోయినా పిల్లనిచ్చాడు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. ఇప్పుడు కూతుర్ని చూడటానికి వచ్చినప్పుడల్లా, అల్లుడికి పగలు డ్యూటీ అయితే, రెండున్నరకే చెప్పులేసుకుంటాడు. పూర్ణామార్కెట్లో బేరమాడి కొనుక్కున్న సొంత బైనాక్యులర్స్ మెళ్లో వేలాడుతుంటాయి.

మీరు వెళ్లేటట్టయితే ఒక్కమాట. మూడింటికల్లా కొండ మీదుండండి, గుర్తింపు కార్డు మరిచిపోకండి, బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్లండి. లేకపోయినా పర్వాలేదు, పైన అవి మెళ్లో వేలాడేసుకుని ఒక లావుపాటి పెద్దమనిషి కనపడితే అడగండి, ఇస్తాడు. కాకపోతే లాంచీ తిరిగొచ్చేదాకా ఆగి అడగండి.