గేటు తాళంతో సిగ్నల్ ఆపిన ఊరు

సాయంత్రం పూట మీ ఇంట్లో ఫోను ముందుగా ఎవరి చేతిలోంచి లాక్కుంటారు? మీ చేతిలోంచా, ఎదురు చెప్పలేని వాళ్ల చేతిలోంచా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

రెండేళ్ల కిందట, మిరప కోతలు మొదలైన రోజుల్లో, నేను నందిగామలో ప్రభుత్వ టెలిఫోన్ సంస్థకు సబ్ డివిజనల్ ఇంజనీరుగా ఉన్నాను. జగ్గయ్యపేట కూడా అదనపు బాధ్యత కింద నా మీదే ఉండేది. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మా శాఖలో వరస ఇలా ఉంటుంది: కింద జూనియర్ టెలికాం ఆఫీసరు, ఆయన పైన నేను, నా పైన విజయవాడలో డివిజనల్ ఇంజనీరు. టవర్ ఆగిపోతే జనం తిట్టేది జూనియర్‌ని. పైవాళ్లు సంజాయిషీ అడిగేది నన్ను. నడుస్తుంటే మా ఇద్దర్నీ ఎవరూ తలుచుకోరు. నా సర్వీసంతా టవర్ ఎందుకు ఆగిందని అడిగినవాళ్లనే చూశాను. ఎందుకు ఆపవని అడిగినవాళ్లను ఆ పోస్టింగులోనే చూశాను.

ఆ ఊరు వీరులపాడు వైపు ఉంటుంది. పేరు రాయను, ఇప్పటికీ అక్కడినుంచే మాకు పచ్చడి మిరపకాయలు వస్తాయి. ఊరంతటికీ ఒక్కటే టవర్, అది మాది. సర్పంచ్ కోటేశ్వరరావు గారు ఒకరోజు నలుగురిని వెంటబెట్టుకుని, గ్రామసభ తీర్మానం పట్టుకుని మా టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వచ్చారు. ఊళ్లో పిల్లలు పుస్తకం ముట్టడం లేదని, హైస్కూల్లో మార్కులు పడిపోయాయని, కాబట్టి రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఇంటర్నెట్ ఆపాలని, ఆ వేళ ఫోను చూసిన ఇంటికి జరిమానా వేస్తామని అందులో ఉంది. ఆ బాధ అబద్ధం కాదు. పిల్లల చేతుల్లోంచి ఫోను ఊడదీయలేక తల్లులు ఏడ్వడం నేనూ చూశాను. అబద్ధం ఎక్కడుందో తర్వాత తేలింది.

"టవరు కాడ స్విచ్ ఉంటది కదండీ, ఆ మూడు గంటలూ కట్టేయండి" అన్నారు సర్పంచ్ గారు.

అప్పుడు అంబులెన్సుకి ఫోను చేయాలంటే ఎలాగండీ అని అడిగాను. అదొక్కటీ ఉంచమన్నారు. గ్యాస్ బుకింగు? అదీ ఉంచమన్నారు. గుంటూరు యార్డులో మిరప రేటు?

"అయ్యో, అది ముఖ్యమండీ. అది పోతే ఎట్టా?"

"మరి ఏం ఆపమంటారు?"

"చెత్త ఆపండి."

"ఎవరి చెత్తండీ?"

"పిల్లల చెత్త" అన్నారు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

సమాధానం కాగితం మీద ఇచ్చాను. ఇంటర్నెట్ ఆపే అధికారం నాకు లేదు, మా డివిజనల్ ఇంజనీరుకూ లేదు. ప్రజల భద్రతకు ముప్పు ఉందని కారణాలు రాసి, రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు సబబో కాదో చూడటానికి ఇంకో కమిటీ ఉంటుంది. హోంవర్కు చేయకపోవడం ఆ నిబంధనల్లో ఎక్కడా రాదు. ఇదంతా తేట తెలుగులో రాశాను. నా ఉత్తరంలో మొదటి వాక్యం "మీ తీర్మానం అందినది." సర్పంచ్ గారు ఊళ్లో ఆ వాక్యం వరకే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారట. గవర్నమెంటువాళ్లు అందిందని సంతకం పెట్టి ఇచ్చారంటే ఒప్పుకున్నట్టే కదా!

ఇక ఆపడం ఎలాగన్నది మిగిలింది. దానికి దారి వీరయ్య చూపించాడు. మా టవర్ ఉన్న స్థలం అతనిది. మేం అద్దె ఇస్తాం, గేటు తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉంటుంది. మామూలుగా ఆ గేటు తెరిచే ఉండేది, ఎందుకంటే లోపల మేకలు కట్టేసేవాడు. మేకల్ని తీయమని నేను మూడు నోటీసులు ఇచ్చాను. నోటీసులకు తీయని మేకల్ని తీర్మానానికి తీశాడు. "గేటు నా చేతిలో ఉండగా సిగ్నల్ ఎట్టా బయటికొస్తదో చూస్తా" అని, ఊరి పెద్దలంతా చూస్తుండగా సాయంత్రం ఆరింటికి ఇంత తాళంకప్ప తెచ్చి గేటుకు వేశాడు.

వేసిన మరుక్షణం ఊరంతా సిగ్నల్ పోయింది.

జరిగిందేమిటో నేను చెప్తాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కరెంటు పోతే టవర్ కొన్ని గంటలు బ్యాటరీల మీద నడవాలి. ఆ టవర్ బ్యాటరీలు పాతబడి, ఆ వారంలోనే పూర్తిగా చచ్చిపోయాయి. కొత్తవి కావాలని మేం పంపిన ఇండెంటు, అంటే సామాను కోరే పత్రం, విజయవాడలో నిద్రపోతోంది. కరెంటు పోవడం ఆ ఊరికి కొత్త కాదు, కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సిగ్నల్ పోవడం కొత్త. కళ్ల ముందు కనిపించింది తాళం. మహిమలన్నీ ఇలాగే పుడతాయి. పక్కనే ఉన్న అసలు కారణం రోజూ చూసేదై ఉంటుంది, ఎవరి కంటికీ ఆనదు. చేత్తో పట్టుకున్న వస్తువుకి పేరొస్తుంది. చప్పట్లు కొట్టారట. పంచాయతీ మైకులో "ఊళ్లో నెట్టు ఆపడమైనది" అని చెప్పించారట.

కాసేపటికి కరెంటు వచ్చింది, టవర్ లేచింది, ప్రతి ఇంట్లో ఫోను మళ్లీ పలికింది. అప్పుడైనా తాళం సంగతి తేలిపోవాలి కదా? తేలలేదు. తాళం వేసినా మా ఇంటివైపు మాత్రం కాస్త సిగ్నల్ కారుతోందని ప్రతివాడూ అనుకున్నాడు. పైకి చెబితే ఆ కాస్తా ఆపేస్తారు, పైగా జరిమానా. కాబట్టి తలుపులు వేసుకుని, ఎవరి అదృష్టం వాళ్లు గుట్టుగా అనుభవించారు. రోజూ ఆరింటికి వీరయ్య తాళం వేస్తాడు, మైకు చెబుతుంది, టీ కొట్టు దగ్గర జనం లేచి ఇళ్లకు పోతారు. వీధులు నిర్మానుష్యం. పిల్లలు చదువుకుంటున్నారని సర్పంచ్ గారు పక్క ఊళ్లవాళ్లకు గర్వంగా చెప్పుకున్నారు.

ఇవేవీ మాకు తెలియవు. మాకు తెలిసింది వేరు. ఏ టవర్ మీద ఏ గంటలో ఎంత డేటా నడిచిందో మా కంప్యూటర్‌లో గీతగా కనిపిస్తుంది. అన్నిటికన్నా రద్దీ ఉన్న గంటను బిజీ అవర్ అంటాం. ఒకరోజు మా జూనియర్ టెలికాం ఆఫీసరు కరీముల్లా గీత చూసి తల గోక్కుంటూ వచ్చాడు.

"సార్, ఈ ఊరి బిజీ అవర్ తొమ్మిది తర్వాత ఉండేది కదండీ. ఇప్పుడు ఆరింటికే మొదలైపోతంది. ఆ మూడు గంటలూ లోడు తట్టుకోలేక టవరు మూలుగుతంది. కెపాసిటీ పెంచమని రాద్దామా?"

ఆ మధ్యాహ్నమే సుజాత అనే అమ్మాయి ఎక్స్ఛేంజికి వచ్చింది. అదే ఊరు. తల్లిదండ్రులు కూలీలు, కొంచెం కౌలు సేద్యం. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుతోంది. పగలు తల్లితో మిరప కోతకు పోతుంది. సాయంత్రం ఏడింటికి ఫోనులో కోచింగు క్లాసు వింటుంది. మళ్లీ చూసుకునే రికార్డింగు కావాలంటే వేరే ఫీజట. పరీక్ష దగ్గరపడింది.

"సార్, మీరు టవరు ఆపేది తొమ్మిది నించి పన్నెండు దాకా ఆపుకోవచ్చు కదా? ఏడింటికి నాకు క్లాసు సార్" అంది.

"ఏ టవరమ్మా?"

"మీరు రోజూ ఆపేదే సార్."

మేమేమీ ఆపలేదమ్మా అన్నాను. నమ్మలేదు. కరీముల్లా తన కుర్చీ ఆమెకిచ్చి గీత చూపించాడు. ఆరు దగ్గర అది కొండలా లేస్తోంది. చాలాసేపు చూసి, "మరైతే మా నాన్న రోజూ నా ఫోను బీరువాలో పెట్టి కాపలా కూర్చునేది దేనికి సార్?" అంది.

కరీముల్లా నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి.

ఆమె తండ్రి యేసుదాసు, ఊళ్లో చర్చి సంఘ పెద్ద. గ్రామసభలో లేచి నిలబడి మాట ఇచ్చాడట. ఇచ్చిన మాట కదా, ఆరు కాగానే ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తీసుకుని బీరువాలో పెట్టేవాడు.

మర్నాడు గీత ప్రింటు తీసుకుని కరీముల్లా, నేను ఊరికి పోయాం. పంచాయతీ ఆఫీసు ముందు జనాన్ని పోగుచేయించాను. గీతను గోడకు అంటించాను.

"ఏందండీ ఇది? ఎవరిదన్నా గుండె పరీక్షా?" అన్నాడు వీరయ్య.

"మీ ఊరిదేనయ్యా. తాళం వేశాక మీ ఊరు ఫోను ఎంత చూస్తోందో అది."

సర్పంచ్ గారు కుర్చీ నా పక్కకు జరుపుకుని గొంతు తగ్గించి, "పేర్లు కూడా వస్తాయాండీ?" అన్నారు.

కరీముల్లా నా చెవిలో, "వస్తాయని చెప్పండి సార్, క్షణంలో పనైపోద్ది" అన్నాడు. నిజమే, అయిపోయేది. కానీ భయపెట్టి ఒప్పించేటట్టయితే వీరయ్య తాళానికీ నా గీతకూ తేడా ఏముంది? పేర్లు రావు, మొత్తం ఊరి లెక్కే వస్తుంది, ఎవరు ఏం చూశారో తెలుసుకునే హక్కు నాకు లేదు అని అందరికీ వినపడేలా చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. సారుకి అన్నీ తెలుసు, మర్యాదకి చెప్పట్లేదు అనుకున్నారు.

"నేను మిరప రేటేనండీ చూసింది" అన్నాడు వీరయ్య ముందుగా.

"రోజూ మూడు గంటలు రేటు చూశావా మావా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"తగ్గిందేమోనని మళ్లీ మళ్లీ చూశాను రా!"

ఒకావిడ వంటల వీడియోలన్నది. ఒకాయన ప్రార్థన పాటలన్నాడు. ఇంకొకాయన తనకు ఫోను ఆపడం చేతకాదని, అది దానంతటదే నడుస్తుందని చెప్పాడు. సర్పంచ్ గారు గొంతు సవరించుకుని ఊరి పరువు గురించి ఏదో మొదలుపెట్టబోయారు. ఈలోగా వాళ్ల ఆవిడ లేచింది.

"ఊరందర్నీ అనడం ఎందుకండీ? ఆ గీతలో సగం మా ఆయనదే. గదిలో తలుపేసుకుని ఫోనులో పేకాట."

ఆ నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక యేసుదాసు లేచాడు. అతను నవ్వలేదు.

"అంటే, ఫోను బీరువాలో పెట్టింది నేనొక్కణ్ణేనా?"

ఎవరూ అతని వైపు చూడలేదు. సుజాత చూసింది. "నువ్వొక్కడివే నాన్నా. ఊరి నెట్టు ఆపడమంటే నా క్లాసు ఆపడమే అయింది" అంది.

సర్పంచ్ గారు తేరుకుని, చదువుకునేవాళ్లకు మినహాయింపు ఇద్దామని, కావలసినవాళ్లు తనకు అర్జీ పెట్టుకోవాలని సవరణ ప్రతిపాదించారు. చదువు ఏదో, చెత్త ఏదో తేల్చేది ఎవరండీ అని అడిగాను. "నేనే కదండీ" అన్నారు. "పేకాట ఆడుకుంటానే తేలుస్తారా?" అంది వాళ్ల ఆవిడ. సవరణ అక్కడే పోయింది, దానివెంట తీర్మానమూ పోయింది. యేసుదాసు ఇంటికి పోయి ఫోను తెచ్చి, అందరి ముందే కూతురి చేతిలో పెట్టాడు.

వీరయ్య తాళం తీసేశాడు. తీసి, ఫోను పైకెత్తి చూసుకుని, "చూశారా టెలిఫోన్ సారూ, తాళం తీయగానే సిగ్నల్ పుల్లలు ఎట్టా పెరిగాయో!" అన్నాడు. మనిషి నమ్మకంతో వాదించడం ఎంత కష్టమో నాకు ఆ క్షణం మళ్లీ తెలిసింది. మర్నాడు మేకలు కూడా లోపలికి వచ్చేశాయి.

ఆ పరీక్షలో సుజాతకు ఉద్యోగం రాలేదు. పోయిన క్లాసుల వల్లనే రాలేదని నేను అనను. కొలవనిదాన్ని కారణమని చెబితే నేనూ తాళం వేసినవాణ్ణవుతాను. ఆ క్లాసులు మాత్రం ఆమెకు మళ్లీ రాలేదు. ఇప్పుడు రెండోసారికి చదువుతోంది. ఊళ్లో పిల్లలు ఇప్పటికీ పుస్తకం ముట్టరని వాళ్ల తల్లులు అంటున్నారు. ఆ సమస్య తాళంతో పోలేదు, తాళం తీసినా పోలేదు.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది. ఇంటర్నెట్ ఆపమనే మాట పల్లె పంచాయతీలో పుట్టినా, పెద్ద ఆఫీసులో పుట్టినా, అడిగేవాడి మనసులో అతని ఫోను ఎప్పుడూ లెక్కలోకి రాదు. నిషేధం అందరి మీదా ఉన్నట్టు కాగితం మీద ఉంటుంది. నడిచేది మాత్రం దాన్ని నిజంగా పాటించేవాళ్ల ఇంట్లోనే. వాళ్లే దానివల్ల ఎక్కువ నష్టపోతారు, వాళ్ల గొంతే తక్కువ వినపడుతుంది.

కాబట్టి రేపు మీ ఊళ్లోగాని, మీ అపార్ట్‌మెంటులోగాని ఇలాంటి తీర్మానం మీ ముందుకు వస్తే, వెంటనే సంతకం పెట్టకండి. తెచ్చినవాళ్లను లేపి, దీంతో ఎవరి పని ఆగుతుందో పేరు పెట్టి చెప్పమని అడగండి. ఆ మనిషిని పిలిపించి, అందరి ముందూ మాట్లాడించండి. అంతకన్నా ముందు మీ ఫోను తీసి బల్ల మీద పెట్టండి. పెట్టలేకపోతే ఆ కాగితం అక్కడే చించేయండి.