కమాల్ బాషా పడుకోబెట్టిన నాయకుడు

జమ్మలమడుగు నాయకుడు చెన్నకేశవను బాంబు లేకుండా, వేటకొడవలి లేకుండా పడుకోబెట్టిన మొనగాడు ఈ జిల్లాలో ఒక్కడే. ప్రొద్దుటూరు ఫోటో స్టూడియో కమాల్ బాషా. ఆయుధం, కంప్యూటర్ మౌసు.

సరే, కాస్త తగ్గిస్తాను. పడుకోబెట్టింది నాయకుణ్ణి కాదు, ఆయన ఫోటోను. ఇరవై అడుగుల ఫోటో అని చాలాచోట్ల చెప్పాను, పన్నెండు ఉంటుంది. మిగతాదంతా నిజం. ఆ పూట పాస్‌పోర్టు ఫోటో కోసం మెడ బిగించుకుని ఆ స్టూడియో స్టూలు మీదే కూర్చున్నాను.

ఊళ్లలో ఫ్లెక్సీలు కొత్తగా లేస్తున్న ఎన్నికల రోజులవి. ఇరవై ఏళ్లు రీళ్ల కెమెరాతో పెళ్లిళ్లు తీసిన బాషా అప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాడు. చెన్నకేశవ నిలబడి దండం పెడుతుంటే కెమెరాను నిలువుగా తిప్పి తీశాడు. కంప్యూటర్లో చూస్తే నాయకుడు అడ్డంగా ఉన్నాడు. బాషా తిప్పే బటన్ నొక్కాడు, నాయకుడు లేచి నిలబడ్డాడు. సీడీలో ఎక్కించి, రెండు సందుల అవతల ఫ్లెక్సీలు కొట్టే మక్బూల్‌కు పంపాడు.

మర్నాడు పొద్దున నేను స్టూలు మీద ఉండగానే, నాయకుడి కుడిభుజం రామాంజులు సుమో దిగి, ఫ్లెక్సీని మా కాళ్ల దగ్గర పరిచాడు. అక్షరాలు తిన్నగానే ఉన్నాయి. వాటి కింద చెన్నకేశవ చేతులు జోడించుకుని చాపమీద పడుకున్నట్టు పడుకుని ఉన్నాడు. మా వైపు నాయకుణ్ణి జనానికి అలా చూపించేది ఒక్కసారే.

"ఏం బాషా, అన్నను బతికుండంగనే పండబెడతాండావే?"

"అల్లా సాక్షి రామాంజులన్నా, నేను నిలబెట్టే పంపినా. కావల్లంటే సూడు!"

తెరమీద నాయకుడు నిటారుగా ఉన్నాడు. రామాంజులు తలకాయ అటు వంచి, ఇటు వంచి చూశాడు.

"నాలుక్కు మీటింగు. ఆ లోపల అన్న లేసి నిలబడల్ల. లేకుంటే రేప్పొద్దున నీ షాపు పండుకుంటాది."

మక్బూల్‌ను పిలిపించారు. "ఏరా, నీకు కండ్లు కనపడలేదా?" అన్నాడు బాషా.

"కనపడె మామా. నాయకుల ఫోటోలు నేను ముట్టుకోను. పోయినేడు ఒకాయప్ప పక్కనుండే మనిషిని కత్తిరిస్తినని పులివెందులకు పారిపోయి మూడు దినాలు దాక్కుంటి. ఎట్లొస్తే అట్లే కొడతాండా."

బాషా మళ్లీ తిప్పాడు, సేవ్ చేశాడు, సీడీ పంపాడు. ఇక్కడ నిలబడినవాడు అక్కడికి పోగానే పడుకున్నాడు. మూడుసార్లు అదే వరస.

"ఈ రెండు సందుల్లోనే అవతల పార్టీవాడు ఎవడో తిప్పుతాండాడు," అని రామాంజులు తేల్చేశాడు. నాలుగో సీడీ సుమోలో వెళ్లింది. ముందొకడు, వెనకొకడు, తువ్వాళ్లు చుట్టిన కొడవళ్లతో. అయినా నాయకుడు పడుకునే దిగాడు.

అసలు సంగతి ఇడుపులపాయలో ఇంజనీరింగ్ చదివే నా మనవరాలు మొన్న చెప్పింది. కెమెరా ప్రతి ఫోటో లోపల 'ఇటు పైన' అని చిన్న చీటీ రాస్తుందట; బాషా కెమెరాకు తనను తిప్పిన సంగతి తెలియక తప్పు రాసింది. బాషా వాడిన ఫోటోలు చూసే సాఫ్ట్‌వేర్ ఆ చీటీనే మార్చింది, బొమ్మను కదిలించలేదు. మక్బూల్ మిషన్‌కు చీటీ చదవడం రాదు. ఆ రోజు ఇది తెలిసిన నరుడు ప్రొద్దుటూరులో లేడు.

రెండు కావస్తుండగా బాషా భార్య ఖమర్‌బీ అన్నం క్యారియర్ తెచ్చింది. మొగుడి ముఖం చూసి సంగతి అడిగింది.

"ఆ డబ్బాతో ఏందయ్యా కొట్లాట? కాగితం మీద తీయి. సేత్తో గోడకు నిలబెట్టు. దాన్ని ఫోటో కొట్టు. ఈతూరి కెమెరాను తిప్పబాక!"

అలాగే చేశాడు. మక్బూల్ కొట్టులో నాయకుడు లేచి నిలబడ్డాడు. ఫ్లాషు మెరుపు మాత్రం నుదుటిమీద పెద్ద దీపంలా అచ్చయింది. జమ్మలమడుగు మీటింగులో అది చూసి, "ఏం కళప్పా!" అని జనం నోళ్లు తెరిచారు. ఇక తన ఫోటోలన్నిటికీ అదే వెలుగు కావాలని చెన్నకేశవ కబురు పంపాడు. ఓట్లు పడేదాకా బాషా గోడకు కాగితాలు అతికిస్తూనే ఉన్నాడు.

ఇదంతా రాసి నిన్న స్టూడియోకెళ్లి బాషాకు చదివి వినిపించాను. వింటూ వింటూ లేచి వీధి తలుపు మూశాడు.

"అంతా అబద్ధం సారూ. ఏ నాయకుడూ నా షాపులో పండుకోలేదు. ఆయప్ప ఫోటో నేను తీయనే లేదు. ఆ దినం నేను మైలవరం డ్యాములో చేపలు పడతాంటి. రామాంజులన్న అడిగినా ఇదే చెప్పు."